దశబంధం రాయని చెరువు

ఈ కథ చివర ఏముందో ముందే చెప్పేస్తాను. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఇప్పుడు లేదు. 2003లో దేశం ముందు తెరుచుకున్న ఆ వెబ్‌సైటు 2017 నాటికి మూతపడింది. ఐదు లక్షలకు పైగా పుస్తకాలున్న చోటు అది. వాటిలో వేలకు వేలు తెలుగువి. పాత పరిశోధన గ్రంథాల చివరి పేజీల్లో దాని చిరునామా ఇంకా కనిపిస్తుంది. రాయలసీమలోని మా కదిరిలో కూర్చుని ఆ అక్షరాలు ఒక్కొక్కటే కొట్టి చూస్తే, చాలాసేపు గిరగిరా తిరిగి తిరిగి, సైటు దొరకలేదన్న మాట తెర మీదికి వస్తుంది. అంతే. దానికి సంతాప సభలు జరిగినట్టు నేను వినలేదు. పుస్తకం కోసం వెతికి అలిసినవాళ్లే ఎవరి గదిలో వాళ్లు, ఎవరి దిగులు వాళ్లు పడి ఊరుకున్నారు. విడివిడిగా పడ్డ ఆ దిగులును ఒకచోట చేర్చి, నలుగురం కలిసి పడదామనే ఇది రాస్తున్నాను.

ఈ దుఃఖంలో కదిరికి పెద్ద వాటాయే ఉంది. వాన మీద నమ్మకం పెట్టి వేరుశనగ విత్తుకునే నేల మాది. ఇక్కడ లక్ష్మీనరసింహస్వామి తేరుంది, తిమ్మమ్మ మర్రిమాను ఉంది, పక్కనే కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. లేనిదల్లా పెద్ద గ్రంథాలయం. పాత పుస్తకం ఒకటి కావాలంటే అనంతపురం పోవాలి. అక్కడ లేకుంటే తిరుపతి. తిరుపతిలోనూ లేకుంటే హైదరాబాదో, చెన్నపట్నమో. బస్సు చార్జీ, లాడ్జి గది, పోగొట్టుకున్న పనిరోజులు, లైబ్రరీ గుమ్మంలో చూపించాల్సిన ఉత్తరం. ఇన్నీ దాటుకుని పోయినాక, ఆ పుస్తకం బైండింగుకు పోయిందనో, బీరువా తాళం ఉన్నాయన సెలవులో ఉన్నాడనో ఒక మాట. ఆ మాట విని తిరుగు బస్సెక్కిన సీమ చదువరులు ఎంతమందో లెక్క కట్టినవాళ్లు లేరు. అలాంటి ఊరికి, బస్సెక్కకుండానే పుస్తకం చేతికి అందిన కాలం ఒకటి వచ్చింది. వచ్చి, పోయింది.

అసలు మా వైపు మాటలు బతికిన తీరే వేరు. వేమన పద్యాలు జనం నాలుకల మీద తిరిగాయి, ఎవరెవరో తాటాకుల మీద గీసుకున్నారు, పల్లెకో పాఠం పుట్టింది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఆ తాటాకుల వెంటపడ్డాడు. దొరికినవి కొన్నాడు. పండితులను, లేఖకులను తన డబ్బుతో జీతానికి పెట్టుకున్నాడు. ఒక ప్రతిని పక్క ప్రతితో పోల్చి, ఏ పాఠం నిలుస్తుందో తేల్చాడు. 1829లో వేమన పద్యాల కూర్పు ఒకటి, 1839లో అంతకంటే పెద్దది మరొకటి అచ్చుకెక్కించాడు. దానికోసం అప్పులపాలయ్యాడు. ఆయన కూడబెట్టిన రాతప్రతులు చివరికి మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. కూడబెట్టినవాడు పోయి నూరేళ్లు దాటినా వాటిని చూడగలుగుతున్నామంటే దానికి ఒకటే కారణం. ఆ కట్టల మీద దుమ్ము దులపడానికి, ఆకులకు నూనె రాయడానికి, అడిగినవాడికి తీసివ్వడానికి జీతం మీద మనిషి ఉన్నాడు. ఒక మనిషి పోతే ఆ కుర్చీలోకి ఇంకో మనిషి వచ్చాడు. ప్రేమతో మొదలైన పని ఒక కొలువుగా మారింది కాబట్టి నిలిచింది. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుని మిగతాది చదవమని వేడుకుంటున్నాను.

బ్రౌన్ కడపకు వచ్చిన దాదాపు రెండు శతాబ్దాలకు, ఈ సీమ గాలి పీల్చి పెరిగిన మనిషే మరో పెద్ద కల కన్నాడు. రాజ్ రెడ్డి అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టారు. కృత్రిమ మేధ రంగంలో చేసిన పనికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉంటూ ఆయన కన్న కల ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. మనుషులు రాసిన పుస్తకాలన్నీ, ఎక్కడి మనిషికైనా, ఏ వేళనైనా, డబ్బు అడక్కుండా దొరకాలి. మొదటి మెట్టుగా పది లక్షల పుస్తకాలు అనుకున్నారు. అమెరికా ప్రభుత్వ విజ్ఞాన సంస్థ స్కానర్లకు డబ్బిచ్చింది. చైనా చేరింది, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయం చేరింది. మన దేశంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ముందు నిలబడింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పెద్ద కేంద్రమయింది. 2003 సెప్టెంబరులో రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రారంభమయింది.

ఆ రోజుల్లో పని ఎంత నిండుగా సాగిందో తలచుకుంటే ఇప్పటికీ గుండె నిండుతుంది. గ్రంథాలయాల్లో అటకల మీది పుస్తకాలు కిందికి దిగాయి. తిరుపతిలో దేవస్థానం వారి పుస్తకాలు స్కానరు కిందికి వచ్చాయి. హైదరాబాదు నగర కేంద్ర గ్రంథాలయంలో ఎవరూ ముట్టని బీరువాలు తెరుచుకున్నాయి. 2007 నవంబరులో కార్నెగీ మెలన్ ఒక లెక్క ప్రకటించింది. ప్రపంచమంతా కలిపి 15 లక్షల పుస్తకాలు స్కాన్ అయ్యాయి. చైనా భాషవి 9,70,000. ఇంగ్లీషువి 3,60,000. మూడో స్థానం మన తెలుగుది, 50,000. ఆ మూడో స్థానం వెనక లైబ్రరీల చీకటి గదుల్లో కూర్చుని, రోజంతా పేజీ తరువాత పేజీ తిప్పిన కుర్రవాళ్ల చేతులున్నాయి. వాళ్లకు దక్కింది తక్కువ జీతం. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

ఒక్క పేజీని దగ్గరగా చూడండి. పసుపు పచ్చబడిన కాగితం నలుపు తెలుపుల్లో తెర మీదికి వస్తుంది. అంచున పురుగు తొలిచిన సన్నటి దారి. మూలన లైబ్రరీ గుండ్రటి ముద్ర, సగం చెదిరిన సిరా. ఎప్పుడో ఎవరో చదువరి ఒక పద్యం పక్కన పెన్సిలుతో గీసిన నిలువు గీత. కింద, పేజీ ఎగరకుండా అదిమిపట్టిన బొటనవేలి నీడ. కొన్ని పేజీలు వంకరగా ఉన్నాయి, కొన్ని మసకగా, కొన్నిచోట్ల వరస తప్పి ఒక పేజీ రెండుసార్లు వచ్చి పక్క పేజీ మాయమయింది. అయినా అది దొరికింది. కదిరిలో ఇంటర్నెట్ సెంటరులో గంటకింతని కట్టి కూర్చున్న పిల్లవాడికి, వాళ్ల తాత ఎప్పుడో చదివానని చెప్పిన పుస్తకం దొరికింది. పీహెచ్‌డీ చేస్తున్న పల్లెటూరి పిల్లకు, గైడుగారు పేరు మాత్రమే చెప్పగలిగిన వ్యాకరణం దొరికింది. ఊరు అడ్డం కాలేదు, డబ్బు అడ్డం కాలేదు. చదువు మీద ఆశ ఒక్కటుంటే సరిపోయింది.

ఇక్కడ ఆగి మా నేలకు తెలిసిన ఒక సంగతి చెప్పాలి. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువు గురించిన శాసనం అది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్లు పట్టిందని ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ చెప్పింది, చెరువును చెడగొట్టే ఆరు దోషాలనూ చెప్పింది. సీమలో మరో ఆచారం కూడా ఉండేది. చెరువు తవ్వించినవాడికో, ఏటేటా కట్ట కాపాడేవాడికో ఆయకట్టు కింద కొంత భూమి రాసిచ్చేవారు. దశబంధం అనేవారు దాన్ని. చెరువు తవ్వడం ఒక్క మారు జరిగే పని, పూడిక తీయడం మాత్రం తరతరాల పని అని మా పెద్దలకు తెలుసు. కరువు చూసినవాళ్లు గనక వాళ్లకు తెలియక తప్పలేదు. డిజిటల్ లైబ్రరీ అనే మహా చెరువును వేలమంది కలిసి తవ్వారు. దానికి దశబంధం మాత్రం ఎవరూ రాయలేదు. మిగతా కథ అంతా ఆ ఒక్క లోటులోనే ఉంది.

కట్టకు పడ్డ మొదటి పగులు పేర్లలో పడింది. స్కాన్ చేసిన ప్రతి పుస్తకానికి ఒక చిన్న చీటీ రాయాలి. పుస్తకం పేరు, రాసినవారు, అచ్చయిన ఏడు, విషయం, భాష, బార్‌కోడు. తెలుగు పేర్లను తెలుగు లిపిలో రాసుకునే అవకాశం ఉన్నా, ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి ఎక్కించారు. అందులోనూ ఒక పద్ధతి నిలవలేదు. ఒకచోట దీర్ఘానికి ఒక అక్షరం, మరోచోట రెండు. సున్నాకు ఒకచోట ఎన్, ఇంకోచోట ఎమ్. ఒకే కవి పది స్పెల్లింగుల కింద పదిమందిగా చీలిపోయాడు. చాలా పుస్తకాలకు రచయిత పేరు ఉండాల్సిన చోట నాట్ అవైలబుల్ అని పడింది. జీవితమంతా పోసి ఒక్క పుస్తకం రాసుకున్న మనిషి పేరు, ఆ పుస్తకం అట్ట మీదే ఉండగా, చీటీలో లేకుండా పోయింది. ప్రతి కేంద్రంలో తెలుగు బాగా వచ్చిన ఒక్క లైబ్రేరియన్‌ను కూర్చోబెట్టి, రోజూ ఆ చీటీలు సరిచూడమని చెప్పి ఉంటే చాలు. అది పెద్ద ఖర్చేమీ కాదు. రోజుకు ఎన్ని పేజీలు స్కాన్ చేశారన్న లెక్కే పైవాళ్లకు చేరింది. ఎన్ని పేర్లు సరిగా రాశారన్నది ఎవరి లెక్కలోకీ రాలేదు. మొదటి అవకాశం అలా చేజారింది.

రెండో పగులు హక్కుల్లో పడింది. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత చనిపోయాక అరవై ఏళ్ల దాకా హక్కు వారసులదే. 1920ల నాటి పుస్తకంతోపాటు 1970ల నవలా అదే స్కానరు కిందికి పోయింది. ఏది అందరి సొత్తు, ఏది ఇంకా ఒకరి ఆస్తి అన్నది ఆనాడే వేరు చేసి, రెండు వరసలుగా పెట్టి ఉండాల్సింది. రచయిత ఎప్పుడు పోయాడో తెలియాలంటే ముందు రచయిత ఎవరో తెలియాలి. చీటీలోనే పేరు లేనప్పుడు ఆ లెక్క ఎక్కడి నుంచి తేలుతుంది? ఒక పగులు ఇంకో పగులును పిలిచింది. హక్కులున్న కొద్ది పుస్తకాల కోసం, ఏ హక్కూ అడ్డురాని లక్షల పుస్తకాలు కూడా తల వంచాల్సిన రోజు ఒకటి వస్తుందని ఆనాడు ఎవరూ గట్టిగా అనుకోలేదు.

మూడో పగులు యంత్రాల్లో పడింది. పేజీలన్నీ టిఫ్ అనే బరువైన బొమ్మల రూపంలో ఉండేవి. వాటిని చూడాలంటే బ్రౌజరుకు ప్రత్యేకంగా ఒక ప్లగిన్ తగిలించుకోవాలి. బ్రౌజర్లు మారిపోతూ వచ్చాయి. 2015లో క్రోమ్ పాత ప్లగిన్‌లను పూర్తిగా వదిలేసింది. సైటు మారలేదు. జనం చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి, సైటు మారలేదు. బెంగళూరు సర్వరులో ఒక భాగం, హైదరాబాదు సర్వరులో ఒక భాగం. ఒకటి లేచి ఉన్న రోజు ఇంకొకటి పడుకునేది. సగం పుస్తకం డౌన్‌లోడయ్యాక ఆగిపోయేది. చదువరులు ఓపికపట్టారు. అర్ధరాత్రి దాటాక సర్వరు తేలికగా ఉంటుందని అలారం పెట్టుకుని లేచి ప్రయత్నించినవాళ్లున్నారు. వచ్చినంత తెచ్చుకుని, రాని పేజీ కోసం మరునాడు మళ్లీ కూర్చునేవారు. అంత ఓపిక ఉన్న జనం ఒక సంస్థకు దొరకడం అరుదు. ఆ ఓపికను ఎవరూ గుర్తించలేదు.

అన్నిటికంటే లోతైన పగులు నాలుగోది. ఆ లైబ్రరీ ఒక ప్రాజెక్టు. ప్రాజెక్టుకు మొదలు ఉంటుంది, గడువు ఉంటుంది, గడువు తరువాత ఒక నివేదిక ఉంటుంది. స్కానర్లు కొనడానికి పద్దు ఉంది. ఇరవై ఏళ్లపాటు డిస్కులు మార్చడానికి, కరెంటు బిల్లు కట్టడానికి, పాత ఫార్మాట్లను కొత్తవాటిలోకి దించడానికి, ఉత్తరం రాసిన చదువరికి జవాబు చెప్పడానికి పద్దు లేదు. పరిశోధన చేసే సంస్థలకు కొత్త పరిశోధన కావాలి. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో ఆ తెలుగు పేజీల్లో మాటలు వెతికే పద్ధతుల మీద మంచి పరిశోధనే జరిగింది, పత్రాలు వచ్చాయి. ఆ ఫలితం కదిరి చదువరి వెతుకుడు పెట్టెలోకి రాలేదు. ప్రయోగశాలకూ పఠనమందిరానికీ మధ్య నడిచే మనిషి ఉద్యోగం ఎవరూ సృష్టించలేదు. జాతీయ గ్రంథాలయానికో, ఏదైనా రాష్ట్ర గ్రంథాలయ వ్యవస్థకో ఆనాడే చట్టబద్ధంగా అప్పగించి ఉంటే, మద్రాసు తాళపత్రాలకు జరిగినట్టే వీటికీ జరిగేది. ఒకరి తరువాత ఒకరు కాపలా వచ్చేవారు.

ఈ కథలో కన్నీళ్లు తెప్పించే ఘట్టం ఇంకా ఉంది. 2014 ప్రాంతంలో తెలుగు వికీపీడియా కార్యకర్తలు నడుం కట్టారు. సైటులోని తెలుగు పుస్తకాలను ఒక్కొక్కటే తెరిచారు. ఇంగ్లీషు అక్షరాల్లో చిందరవందరగా పడి ఉన్న పేర్లను చూసి, లోపలి ముఖపత్రం చదివి, పుస్తకం పేరు తెలుగులో రాశారు. పేరు పోగొట్టుకున్న రచయితకు పేరు తిరిగి ఇచ్చారు. అచ్చయిన ఏడు పెట్టారు, విషయం పెట్టారు, పక్కన లింకు పెట్టారు. వేల పుస్తకాల జాబితా అలా అకారాది క్రమంలో పేరుకుంది. అంతకు పదేళ్ల ముందే కేంద్రానికి ఒక్క లైబ్రేరియన్ చేయాల్సిన పనిని, వీళ్లు తీరిక వేళల్లో, తెలుగు మీద మమకారంతో చేశారు. చెరువు కట్ట మీద మట్టి తట్టలు మోస్తున్నట్టే ఉంది ఆ దృశ్యం. కట్ట తెగబోతోందని వాళ్లకు తెలియదు. మనకు తెలుసు. అందుకే ఆ పేజీల పాత చరిత్ర తిరగేస్తుంటే, ఫలానా రోజున ఇన్ని పుస్తకాలు చేర్చాం అని వాళ్లు రాసుకున్న మాటలు చదవడం కష్టంగా ఉంటుంది.

తరువాత సైటు తరచుగా పడిపోవడం మొదలయింది. రోజులు, ఆపై వారాలు. లేస్తుందిలే అనుకున్నారు, ఎప్పుడూ లేచేదే కదా. 2017 నాటికి ఇక లేవలేదు. కాపీరైటు చిక్కులే కారణమన్నారు. వికీపీడియా జాబితాల్లో ఆ వేలాది లింకులు ఒక్కసారిగా దారిలేని దారులయ్యాయి. ఎంఫిల్, పీహెచ్‌డీ గ్రంథాల అధోజ్ఞాపికల్లో ఇచ్చిన బార్‌కోడులు ఎక్కడికీ చేర్చని అంకెలయ్యాయి. ఒక పరిశోధకుడు చెప్పిన మాటను ఇంకో పరిశోధకుడు వెళ్లి సరిచూసుకోవడం మీదే విద్య నిలబడుతుంది. ఆ సరిచూసుకునే దారి తెగింది.

పూర్తిగా అంతా పోలేదు, ఆ మాటా చెప్పాలి. కార్ల్ మాలముడ్ అనే అమెరికన్, ప్రజల సమాచారం ప్రజలకే చెందాలని పోరాడే మనిషి, ఆ పుస్తకాల్లో నాలుగు లక్షలకు పైగా ముందుచూపుతో తెచ్చుకుని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టాడు. ఈ రోజు మనం పాత తెలుగు పుస్తకం తెరవగలుగుతున్నామంటే ఆ చేతికి దండం పెట్టాలి. 2018 జూన్‌లో ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహణలో జాతీయ డిజిటల్ లైబ్రరీని జాతికి అంకితం చేశారు. రెండేళ్లు ముందుగానే పాత లైబ్రరీనీ ఈ కొత్తదాన్నీ కలిపి ఆలోచించిన కొలువు ఒకటి ఉండి ఉంటే, పాత లింకులన్నీ కొత్త చిరునామాకు మళ్లేవి. మళ్లలేదు. ఆర్కైవ్‌లోకి వెళ్లిన పుస్తకాలతోపాటు ఆ చిందరవందర పేర్లూ వెళ్లాయి. నాట్ అవైలబుల్ అన్న రచయితలు ఇప్పుడు ఆ ఆర్కైవ్ నడిచే సాన్‌ఫ్రాన్సిస్కోలోనూ అలాగే ఉన్నారు. ఆ ఆర్కైవ్ కూడా ఎవరో ఇచ్చే విరాళాల మీద నడిచేదే. 2024 అక్టోబరులో దాని మీద సైబరు దాడి జరిగి రోజుల తరబడి మూతపడితే, కదిరిలో ఉన్న చదువరి మళ్లీ ఆ పాత తెల్లటి తెర ముందు కూర్చున్నాడు. మన తెలుగు పుస్తకాల బరువు మోస్తున్నది మన పట్ల ఏ బాధ్యతా లేని ఒక దూరదేశపు సంస్థ అని ఆ రోజుల్లో అర్థమయింది.

పోయినవి ఇదొక్కటే కాదు. అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడు వాడుకలోకి రాకముందు ఒక్కో తెలుగు పత్రిక ఒక్కో సొంత ఫాంటులో వెబ్‌సైటు నడిపేది. ఆ రాతలను యూనికోడులోకి మార్చి చూపించడానికి వెన్న నాగార్జున పద్మ అనే పనిముట్టును తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. అది ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తగిలించుకునే పనిముట్టు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పాత తరహా పొడిగింపులన్నిటినీ ఆపేసింది. ఒక మనిషి ప్రేమతో చేసిన పనిని కొత్త కాలానికి తిరగరాయడానికి ఒక సంస్థ అవసరం. అలాంటి సంస్థ మనకు లేదు. ఎవరైనా ఉచితంగా వెబ్ పేజీలు పెట్టుకోగలిగిన జియోసిటీస్ 2009లో మూతపడినప్పుడు దాంతోపాటు పోయిన తొలితరం తెలుగు పేజీలకు జాబితా కూడా లేదు. ఆంధ్రభారతి నిఘంటువును రోజూ వాడుకునే తెలుగువాళ్లం, దాన్ని కొద్దిమంది తమ సొంత శ్రమతో నిలబెడుతున్నారని ఎప్పుడైనా తలచుకున్నామా? ఉన్నప్పుడు తలచుకోవడం చేతకాకపోతే, పోయాక తలచుకోవాల్సి వస్తుంది.

ఎవరి కోసం దుఃఖించాలి మనం? తన సొంత జిల్లా పల్లెల దాకా పుస్తకం చేరాలని కలగన్న రాజ్ రెడ్డి కోసం. పేర్లు లేని ఆ స్కానింగు కుర్రవాళ్ల కోసం. అట్ట మీద పేరుండీ చీటీలో పేరు లేకుండా పోయిన రచయితల కోసం. అన్నిటికీ మించి, ఆ పదమూడు పద్నాలుగేళ్లలో పుట్టి, చదువుకోవాలన్న వయసు వచ్చేసరికి తలుపు మూసి ఉన్నది చూసిన పిల్లల కోసం. వాళ్లకు ఏం పోయిందో కూడా తెలియదు. ఒకప్పుడు కదిరిలో కూర్చుని అడిగితే తెలుగు పుస్తకం వచ్చేదని చెబితే, వాళ్లు నమ్మలేనట్టు చూస్తారు.

ఇప్పుడు కొత్త ప్రకటనలు వినిపిస్తున్నాయి. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో జ్ఞాన భారతం మిషన్ పేరుతో కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి, నమోదు చేసి, భద్రపరుస్తామన్నారు. మంచి మాట. మనసారా ఆహ్వానించాల్సిన మాట. మళ్లీ స్కానర్లు వస్తాయి, కుర్రవాళ్లు వస్తారు, పేజీలు తిరుగుతాయి, ప్రారంభోత్సవాలు జరుగుతాయి. ఆ సభల్లో ముందు వరసలో కూర్చున్న పెద్దలను, వెనక వరసలో నిలబడ్డ మనం మూడు ప్రశ్నలు అడగాలి. పేరు తెలుగులో సరిగా రాసేది ఎవరు? రెండో ప్రతి ఏ ఊళ్లో దాస్తున్నారు? ఈ ప్రాజెక్టు గడువు ముగిసినాక, ఆ మరుసటి ఏడు కరెంటు బిల్లు ఎవరి పద్దులో ఉంది? జవాబు కాగితం మీద చూపించే దాకా చప్పట్లు కొట్టకండి. ఈసారి దశబంధం రాయించుకున్నాకే చెరువు తవ్వాలి.